గుమ్మం ఎత్తు

జక్కరయ్యకు ఆనందం రాలేదు. అతని బాధంతా అదే.

గూడెంలో మిగతావాళ్ళందరికీ వచ్చింది. పగలంతా మిరపతోటలో వంగి పనిచేసి, చేతులు మండుతుంటే కొబ్బరినూనె రాసుకుని గుడికి వచ్చిన ఆడవాళ్ళు పాట ఎత్తితే చాలు, వాళ్ళ ముఖాలు మారిపోయేవి. కళ్ళు మూసుకుని తమలో తాము నవ్వుకునేవాళ్ళు. ఆ నవ్వు ఎక్కణ్ణించి వస్తుందో జక్కరయ్యకు తెలిసేది కాదు. పాట ఎత్తించేది అతనే. వాక్యం చదివేది అతనే. నవ్వు మాత్రం వాళ్ళకే వచ్చేది.

పల్నాటిలో, నాగులేటికి ఇవతల, కొత్తగుండ్ల అని ఒక ఊరు. ఊరికి దిగువన గూడెం. స్వరాజ్యం ఇంకా రాని రోజులు. జక్కరయ్య ఆ గూడెంలో ఉపదేశి. హనోకు అయ్యగారు చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పాదిరిగా కాలినడకన తిరుగుతుంటే, ఆయన లేని ఆదివారాల్లో ఆరాధన జరిపించి, పిల్లలకు అక్షరాలు దిద్దించి, జబ్బుపడినవాళ్ళ మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసే పని అతనిది. అతనికి అక్షరాలు నేర్పిందీ, బాప్తిస్మం ఇచ్చిందీ అయ్యగారే. తండ్రి చిన్నప్పుడే పోయాడు. మునసబు గారి పశువుల కొట్టంలో జీతానికి ఉండి, ఆ కొట్టంలోనే పోయాడు.

జక్కరయ్య ప్రార్థన చుట్టుపక్కల నాలుగు ఊళ్ళకు తెలుసు. అందరిలా మోకరించేవాడు కాదు, ఏకంగా బోర్లా పడేవాడు. నుదురు నేలకు ఆనించి, "నేను పురుగును ప్రభువా, నేను ధూళిని, నీ ఎదుట నిలబడటానికి తగను," అని మొదలుపెట్టేవాడు. అలా చాలాసేపు సాగేది. లేచేసరికి నుదుటి మీద మట్టి అంటుకుని ఉండేది. దాన్ని తుడుచుకునేవాడు కాదు.

"ఇంత తగ్గింపు ఉన్న మనిషిని యాడా చూళ్ళేదు," అనుకునేవాళ్ళు జనం.

ఆ మాట అతని చెవిన పడేది. పడ్డప్పుడల్లా తల ఇంకాస్త వంచేవాడు. వంచుతుంటే లోపల ఓ మూల గర్వంగానే ఉండేది. కానీ ఆ గర్వం ఆనందం కాదని అతనికి తెలుసు.

ఒకరోజు అయ్యగారిని పక్క ఊరి దాకా సాగనంపుతూ చేలగట్టు మీద నడుస్తున్నాడు. అయ్యగారు పొడుగు మనిషి. ముసలితనం వచ్చినా వీపు నిట్రాటలా నిటారుగా ఉండేది. తెల్ల తలపాగా, చంకలో గొడుగు, కాళ్ళకు కిర్రుచెప్పులు. గూడెంవాళ్ళు చెప్పులు విప్పి చంకలో పెట్టుకుని నడవాల్సిన ఊరి నడివీధుల్లో కూడా ఆయన వాటిని విప్పేవారు కాదు. ఆయన చెప్పుల చప్పుడు ఊళ్ళోంచి గూడెం వైపు వస్తుంటే గూడెంలో మగవాళ్ళకు భయం వేసేది, సంబరమూ కలిగేది.

"అయ్యగారూ, ఒక మాట అడగనా?"

"అడుగు."

"నాకు ఆనందం లేదండి. అందరికీ వచ్చింది. నాకే రాలేదు. ఇంకా ఎంత తగ్గితే వస్తుందండీ?"

అయ్యగారు నడక ఆపి అతని వైపు తిరిగారు. జక్కరయ్య తల వంచుకుని గట్టు మీది గడ్డిని చూస్తున్నాడు. ఆయన కాసేపు ఆ వంచిన తలనే చూశారు.

"గుడి కట్టు," అన్నారు.

మళ్ళీ నడక మొదలుపెట్టారు. వెనక్కి తిరిగి ఇంకేమైనా చెబుతారేమోనని జక్కరయ్య నిలబడే ఉన్నాడు. ఆయన తిరగలేదు.

అప్పటిదాకా గూడెంలో గుడి అంటే తాటాకు పందిరి. ముందటేడు వచ్చిన గాలివానకు అదీ ఎగిరిపోయింది. ఈసారి రాతితో కట్టాలనుకున్నారు. రాయికి కొదవ లేదు. ఆ నేలలో కాస్త తవ్వితే నాపరాయి పలకలు పలకలుగా వస్తుంది. మునసబు గారి బీడులో ఒక పాత రాళ్ళగుంట ఉంది. జక్కరయ్య వెళ్ళి చేతులు కట్టుకుని అడిగితే ఆయన కాదనలేదు.

"తీసుకుపోండిరా. రాళ్ళు పోతే నాకు చేనన్నా బాగుపడుద్ది," అన్నాడు.

ఇక గూడెం అంతా కదిలింది. పొలం పని ముగించుకుని వచ్చేటప్పుడు ఆడవాళ్ళు ఉత్త చేతుల్తో వచ్చేవాళ్ళు కాదు. తలమీద చుట్టకుదురు, దానిమీద రాయి. జక్కరయ్య తల్లి రూతమ్మ కూడా మోసింది. నడుము ఒకవైపుకి ఒరిగిన మనిషి. "నువ్వొద్దులే అమ్మా," అంటే వినలేదు. మేస్త్రి పని ఆరోను చేశాడు. గూడెంలో తాపీ పట్టడం తెలిసినవాడు అతనొక్కడే. గోడలు నడుము దాకా లేచాయి. ఆరోను గుమ్మానికి రెండు వైపులా నిలబెట్టడానికి రెండు పొడుగాటి రాళ్ళు ఏరి పక్కన పెట్టుకున్నాడు.

గుడి గుమ్మం బండ్లబాట వైపు తిరిగి ఉంది. ఒకరోజు పొద్దున మునసబు గారు చేలకు పోతూ సవారీ బండి అక్కడ ఆపించాడు. దిగలేదు. ఆరోను ఏరి పెట్టిన రాళ్ళ వైపు చూశాడు.

"ఇవెందుకురా?"

"గుమ్మానికండి," అన్నాడు జక్కరయ్య, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని.

"చాలా పొడుగ్గా ఉండాయే." మునసబు గారు నవ్వాడు. గొంతు పెంచలేదు. "నా కొట్టం గుమ్మంలోకి నేను కూడా వంగే పోతాను. చూసుకో మరి."

బండి వెళ్ళిపోయింది. దుమ్ము అణిగేదాకా జక్కరయ్య అక్కడే నిలబడ్డాడు.

ఆ మధ్యాహ్నం అతను సగం లేచిన గోడల మధ్య బోర్లా పడి ప్రార్థన చేశాడు. లేచేసరికి ముఖం తేటపడింది. నేరుగా ఆరోను దగ్గరికి వెళ్ళాడు.

"అన్నా, ఆ రాళ్ళు కొట్టి పొట్టి చెయ్యి. గుమ్మం నా రొమ్ము ఎత్తుకు వస్తే చాలు."

ఆరోను తాపీ ఆపాడు. "రొమ్ము ఎత్తా? లోపలికి ఎట్టా పోతారయ్యా?"

"వంగి పోతారు. దేవుడి దగ్గరికి ఎవరైనా వంగే పోవాలి. గుమ్మమే మనకు తగ్గింపు నేర్పుద్ది. ప్రార్థనలో వచ్చిన ఆలోచన అన్నా ఇది."

ఆరోను కాసేపు తల గోక్కున్నాడు. కానీ ఉపదేశి మాట. అంత మంచి రాళ్ళను సుత్తితో కొడుతుంటే అతనికి ప్రాణం ఒప్పలేదు. అయినా కొట్టాడు. విషయం విన్న గూడెం పెద్దలు తల ఊపారు. ఎంత ఆలోచన, ఎంత భక్తి అన్నారు. ఇలాంటి గుమ్మం ఈ చుట్టుపక్కల ఏ గుడికీ లేదని చెప్పుకున్నారు. జక్కరయ్యకు ఆ రోజుల్లో నేల మీద కాలు ఆనలేదు. ఆనందం అంటే ఇదేనేమో, ఇన్నాళ్ళకు వచ్చిందేమో అనుకున్నాడు.

ప్రతిష్ఠ రోజున గూడెం అంతా మామిడాకులు కట్టారు. డప్పులు తెప్పించారు. అయ్యగారు పొలిమేరలో కనపడగానే పాట ఎత్తి ఎదురెళ్ళారు. ఆయన గోడల్ని చూసి సంతోషించారు. చేత్తో రాళ్ళను తడిమారు. ఆరోను భుజం తట్టారు. మెల్లగా చుట్టూ తిరిగి గుమ్మం ముందుకు వచ్చారు.

అక్కడ ఆగారు.

గుమ్మం మీది అడ్డరాయి ఆయన రొమ్ముకు కూడా అందలేదు. ఆయన దాని మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డారు. జక్కరయ్య పక్కనే ఉన్నాడు. ఆయన మెచ్చుకుంటారని ఎదురుచూస్తున్నాడు.

"ఇది ఎవరి ఆలోచన?"

"నాదేనండి," అన్నాడు జక్కరయ్య, తల వంచి.

అయ్యగారు వెనక్కి నడిచి, బాటకు అవతల ఉన్న వేపచెట్టు కింద తుండుగుడ్డ పరుచుకుని కూర్చున్నారు.

"లోపలికి దయచెయ్యండి అయ్యగారూ," అన్నాడు జక్కరయ్య, వెంటపడి వచ్చి.

"నాకు ఆ గుమ్మం చాలదు."

"కాస్త వంగితే..."

"మీరు కానివ్వండి. నేను ఇక్కణ్ణించే వింటాను."

ముసలాయనకు నడుము పట్టిందేమో అనుకున్నారు జనం. ప్రతిష్ఠ ప్రార్థన ఆయన చెట్టు కిందే లేచి నిలబడి చేశారు. జక్కరయ్య లోపల ఉన్నాడు. ఆ ప్రార్థన అతనికి సగమే వినపడింది.

ఎప్పుడూ రెండు రోజులకు మించి ఉండని అయ్యగారు ఈసారి కదల్లేదు. రూతమ్మ ఇంట్లో దిగారు. జొన్న సంగటి తిన్నారు. పిల్లల చేత పాటలు పాడించారు. జబ్బుపడినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళారు. గూడెం గుడిసెల గుమ్మాలు చిన్నవే. ఆ ఇళ్ళన్నిటికీ ఆయన వంగే వెళ్ళారు, వంగే వచ్చారు. జక్కరయ్య అది చూశాడు. నడుము నొప్పి కాదని అర్థమైంది. ఆదివారం వచ్చింది. ఆయన మళ్ళీ వేపచెట్టు కిందే కూర్చున్నారు.

ఆ ఆదివారం జక్కరయ్య తగ్గింపు మీదే వాక్యం చెప్పాడు. మాట మధ్యలో కొందరు గుమ్మం వైపు, బయట కూర్చున్న ముసలాయన వైపు చూస్తున్నారు. అతను ఎలాగో ముగించాడు. అందరూ వెళ్ళాక, పరిచిన చాపలు చుట్టేసి బయటికి వచ్చాడు. నేరుగా చెట్టు కిందికి వెళ్ళాడు. ఎప్పుడూ లేనిది, ఈసారి తల వంచలేదు. కోపం వల్ల.

"అయ్యగారూ, మీరు నన్ను గూడెంలో చిన్నబుచ్చారు."

"అవును, చూశాను."

"ఆ గుమ్మంలో ఏం తప్పుందండీ? దేవుడి ముందు వంగమంటే తప్పా?"

"నేను చెబితే నీకు ఇంకా కోపం వస్తుంది." అయ్యగారు తుండుగుడ్డ మీద పక్కకి జరిగారు. "వచ్చే ఆదివారం నువ్వు కూడా ఇక్కడ కూర్చో. నా పక్కన."

"మరి ఆరాధన?"

"పాటలు మీ అమ్మ ఎత్తుతుంది. చదవడానికి ఆరోను ఉన్నాడు."

వారమంతా జక్కరయ్య ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆదివారం వచ్చి చెట్టు కింద కూర్చున్నాడు. గుడి కట్టినప్పట్నించీ అతను ఆరాధనప్పుడు బయట ఉండటం ఇదే మొదటిసారి. లోపల తల్లి గొంతు పాట ఎత్తింది. ఆ గొంతు వినగానే మిగతావాళ్ళంతా అందుకున్నారు. రాతి గోడల మధ్య పాట బాగా మోగుతోంది. మనం కట్టిన గోడలే కదా అనుకున్నాడు, బాగుంది అనుకున్నాడు.

పాట ఆగి, చివరి ప్రార్థన మొదలయ్యేసరికి బాట మీద గంటల చప్పుడు వినపడింది. మునసబు గారి సవారీ బండి. సరిగ్గా గుమ్మం ఎదుట ఆగింది. చెట్టు కింద ఉన్న ఇద్దరికీ బండి వెనకభాగం, దాని పక్కనుంచి గుమ్మం కనపడుతున్నాయి. బండిలో మునసబు గారి పక్కన ఇంకో పెద్దమనిషి ఉన్నాడు, పొరుగూరి చుట్టం.

"ఉండు బావా, ఇప్పుడొస్తారు," అంటున్నాడు మునసబు గారు.

ప్రార్థన ముగిసింది. జనం బయటికి రావడం మొదలుపెట్టారు.

మొదట ఒక ముసలాయన వచ్చాడు. అడ్డరాయి కింద నడుము దాకా వంగి, తల ముందుకు పెట్టి, బాట వైపు. తరవాత ఇంకొకడు. తరవాత చంకలో బిడ్డతో ఒక ఆడమనిషి. ఒకరి వెనక ఒకరు, గూడెం మొత్తం, ఆ బండి ముందు వంగుతూ బయటికి వచ్చింది. వంగకుండా రావడానికి ఎవరికీ వీల్లేదు. పైకి లేవగానే ఎదురుగా మునసబు గారు కనపడేసరికి తలలు మళ్ళీ వంగుతున్నాయి.

"చూశావా," అన్నాడు మునసబు గారు మెల్లగా. "ఒక్క మాట గట్టిగా అనలా నేను."

చుట్టం నవ్వాడు.

అప్పుడు రూతమ్మ వచ్చింది. ఒక చెయ్యి మోకాలి మీద, ఒక చెయ్యి నిలువురాయి మీద. వంగడానికి చాలాసేపు పట్టింది. వంగి బయటికి వచ్చాక లేవడానికి ఇంకా చాలాసేపు పట్టింది. ఆ కాసేపూ ఆమె తల ఎద్దుల కాళ్ళ దగ్గర ఉంది. పాట ఎత్తిన ముఖం. ఆ నవ్వు ఇంకా ఆ ముఖం మీద ఉంది.

బండి కదిలి వెళ్ళిపోయింది.

ఆ గుమ్మం ఆలోచన ప్రార్థనలో వచ్చిందనే అనుకున్నాడు జక్కరయ్య ఇన్నాళ్ళూ. ఆ రోజు అదే బండి వెళ్ళిన దుమ్ములో నిలబడ్డప్పుడే అది వచ్చింది. దానికి దేవుడి పేరు తను తరవాత పెట్టుకున్నాడు.

పక్కన అయ్యగారు ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నారు, వాన వస్తుందా రాదా అన్నట్టు.

రూతమ్మ చెట్టు దగ్గరికి వచ్చింది. "ఏందయ్యా, అట్టా ఉండావు?"

"నడుము నొప్పిగా ఉందా అమ్మా?"

"అలవాటేగా నాయనా."

జక్కరయ్య లేచాడు. నేరుగా ఆరోను దగ్గరికి వెళ్ళి పలుగు అడిగాడు.

"ఎందుకయ్యా?"

"ఆ అడ్డరాయి దించుతాను."

ఇళ్ళకు పోతున్న జనం ఆగిపోయారు. విషయం తెలిసి గూడెం పెద్ద ఒకాయన ముందుకొచ్చాడు. "కోతలు దగ్గర పడ్డాయి జక్కరయ్యా. మునసబు గారికి కోపం వస్తే పని ఇయ్యడు. ఏం తింటాం?"

జక్కరయ్యకు ఏ వాక్యమూ గుర్తు రాలేదు.

"నాకూ భయంగానే ఉంది," అన్నాడు. "ఆ రోజు కూడా భయపడే గుమ్మం పొట్టి చేయించాను. మీకు తగ్గింపని చెప్పాను. అది తగ్గింపు కాదు. తప్పు నాది కాబట్టి నేనే తీస్తాను. మీరు ఇళ్ళకు పోండి."

ఎవరూ కదల్లేదు. రూతమ్మ కొంగు బిగించి నడుముకు చుట్టుకుంది.

"రాళ్ళు మోసింది మేము," అంది. "దించేటప్పుడు మేం లేకుండానా?"

ఆ సాయంత్రానికి గుమ్మం పైన గోడ విప్పేశారు. అడ్డరాయిని దించి నేల మీద పడుకోబెట్టారు. ఆరోను నిలువురాళ్ళను చూసి నిట్టూర్చాడు. ఒకసారి పొట్టి చేసిన రాళ్ళు మళ్ళీ పొడుగవ్వవు.

"కొత్తవి కావాలి. ఎంత ఎత్తు పెట్టమంటారు అయ్యగారూ?" అని అడిగాడు.

"రూతమ్మను అడుగు," అన్నారు అయ్యగారు.

రూతమ్మ సిగ్గుపడింది. ఇంత పెద్ద సంగతి తనను అడుగుతారని ఆమె అనుకోలేదు. కాసేపు ఆలోచించింది.

"నెత్తిన గంప ఉన్నా తగలకూడదు," అంది.

మర్నాడు పొద్దున మునసబు గారి బండి వచ్చింది. జక్కరయ్య గోడమీద నిలబడి రాళ్ళు సర్దుతున్నాడు. బండి ఆగింది.

"ఏం చేస్తున్నావురా?"

"గుమ్మం ఎత్తు చేస్తున్నామండి."

"ఎవర్ని అడిగి?"

జక్కరయ్య కాళ్ళు వాటంతట అవే కిందికి దిగబోయాయి. గోడ మీద నిలబడి మునసబు గారితో మాట్లాడటం అతని వంశంలో ఎవరూ చెయ్యలేదు. చెట్టు వైపు చూశాడు. అయ్యగారు అతన్ని చూడటం లేదు. కిర్రుచెప్పులకు అంటిన మట్టిని పుల్లతో గీకుతున్నారు. ఆయన సాయానికి రారని జక్కరయ్యకు అర్థమైంది. అర్థమయ్యాక ఎందుకో కాళ్ళు నిలబడ్డాయి.

"ఇది మా తండ్రి ఇల్లండి," అన్నాడు. "ఆయన్నే అడిగాం."

"నీ తండ్రి నా కొట్టంలో పోయాడురా. మర్చిపోయావా?"

"మర్చిపోలేదండి. ఆయనా ఈ ఇంటి బిడ్డేనండి."

గోడమీది మనిషిని చూడాలంటే మునసబు గారు తల పైకెత్తాల్సి వచ్చింది. కాసేపటికి ఆయనకే అది గుర్తొచ్చిందో ఏమో, చూపు తిప్పుకున్నాడు.

"నా బీడులో రాయి ముట్టుకోబాకండి ఇక. కోతలకూ రాబాకండి," అని బండి తోలమన్నాడు.

ఆయన తిట్టలేదు, కొట్టించలేదు. ఆ ఒక్కమాటా ఎంత బరువో గూడెంలో అందరికీ తెలుసు. జక్కరయ్య గోడ దిగి కూర్చున్నాడు. ఆశ్చర్యమేమిటంటే, అతనికి ఏడుపు రాలేదు. ఎవరో వీపుమీంచి మూట దించినట్టుంది.

నిలువురాళ్ళకు పొడుగాటి పలకలు ఎక్కడా దొరకలేదు. రాళ్ళగుంట మూసేశారు. అప్పుడు రూతమ్మ తన గుడిసె ముందు అరుగుగా వేసుకున్న నాపరాయి చూపించింది. ఆమె పెళ్ళయి వచ్చినప్పుడు మొగుడు వేసిన రాయి అది. దాని మీదే కూర్చుని అతను సాయంత్రం చుట్ట కాల్చేవాడు. పలుగులతో అది లేపారు. దానికి జోడు రాయి ఆరోను తన ఇంటి ముందునుంచి లేపి ఇచ్చాడు. మిగతా రాళ్ళు ఎవరి వాకిట్లోంచి వాళ్ళు తెచ్చారు. గూడెంలో ఏ ఇంటి ముందూ రాయి మిగల్లేదు. ఆ ఏడు వానలకు వాకిళ్ళన్నీ బురదయ్యాయి. ఆ బురదలో జారిపడ్డవాళ్ళు కూడా, ఈ రాయి గుడి గుమ్మంలో ఉందని చెప్పి నవ్వుకున్నారు.

ఆ ఏడు గూడెం కష్టపడింది. అది దాచడానికి లేదు. మునసబు గారు అన్నంత పనీ చేశాడు. కోతలకు వేరే ఊరి కూలీలను పెట్టుకున్నాడు. గూడెంవాళ్ళు తెల్లవారకముందే లేచి నాగులేరు దాటి దూరపు ఊళ్ళకు పనికి వెళ్ళారు. ఒంటిపూట సంగటితో గడిపిన ఇళ్ళున్నాయి. రెండు కుటుంబాలు వలసపోయాయి. జక్కరయ్య కూడా కొడవలి పట్టుకుని అందరితో కలిసి నడిచాడు. దారిలో పాట ఎత్తేవాళ్ళు. ఊరి నడివీధి మీదుగానే వెళ్ళేవాళ్ళు. ఒకరోజు అతను చూసుకుంటే, ఎవరి చెప్పులూ చంకలో లేవు. విప్పవద్దని ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

దూరపు ఊళ్ళలో సంపాదించిన జొన్నల్లోంచే కోతల పండుగకు కానుకలు తీశారు. గుమ్మం పూర్తయ్యాక గుడిలోకి అడుగుపెట్టే రోజు అదే కావాలని అందరూ అనుకున్నారు. కబురందుకుని అయ్యగారు వచ్చారు. గుమ్మం ముందు మళ్ళీ నిలబడ్డారు. ఈసారి చెయ్యి చాచినా అడ్డరాయి అందలేదు.

ఆడవాళ్ళు ముందు నడిచారు. తలమీద జొన్న కంకుల గంపలు. వరసగా, మెడ నిలబెట్టి, చేతులు వదిలేసి నడిచారు. రూతమ్మ గంప చిన్నదే, నిండుగా మాత్రం ఉంది. గుమ్మం దగ్గరికి రాగానే ఆమె మోకాలి మీద చెయ్యి వేసుకోబోయింది, మళ్ళీ తీసేసింది. అట్టాగే నడిచి లోపలికి వెళ్ళింది. ఒరిగిన నడుముతోనే వెళ్ళింది. అయినా ఆ వెళ్ళడంలో ఏదో ఉంది. చూస్తున్న మగవాళ్ళు ఎవరికి వాళ్ళే నిటారయ్యారు.

చివర అయ్యగారు. తలపాగా తీయకుండా గుమ్మం దాటారు. నేరుగా గుడి చివరిదాకా నడిచి వెళ్ళారు. అక్కడ తలపాగా తీసి పక్కన పెట్టి, మెల్లగా రెండు మోకాళ్ళూ వంచి, నుదురు నేలకు తాకించారు. ఎంతోసేపు అలాగే ఉన్నారు. అంత పొడుగు మనిషి అంత చిన్నగా అవడం జక్కరయ్య ఎన్నడూ చూడలేదు.

ఆయన లేచి కళ్ళు తుడుచుకున్నారు.

"జక్కరయ్యా, ప్రార్థన చెయ్యి," అన్నారు.

జక్కరయ్య ముందుకు వచ్చాడు. ఎప్పటిలా బోర్లా పడబోయాడు. పడలేదు. నిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. నేను పురుగును అనే మాట కోసం నోరు తెరిచాడు. అది రాలేదు. దాని వెనక వచ్చే మాటలు కూడా రాలేదు. ఇన్నేళ్ళుగా కంఠతా ఉన్నవన్నీ ఎక్కడికో వెళ్ళిపోయాయి.

జనం ఎదురుచూస్తున్నారు. ఎక్కడో గంపలోంచి ఒక కంకి జారి నేలమీద పడ్డ చప్పుడు వినపడింది.

"నాయనా," అన్నాడు జక్కరయ్య.

ఇంకేదో అనాలనుకున్నాడు. అనాల్సిందేమీ లేదని అతనికే తెలిసింది. ముఖం ఎత్తి నిలబడ్డాడు, కళ్ళు మూసుకునే. కాసేపటికి, తనకు తెలియకుండానే, పెదవుల మీదికి నవ్వు వచ్చింది.

అయ్యగారు ఆ నవ్వు చూశారు.

"ఆమేన్," అన్నారు.